పూడ్చిన బాయిలో నీళ్ళు

అనంతసాగరం అవతల ఒక చెరువు కట్ట మీద నీటి మట్టం కొలిచే పెట్టె తప్పు చూపిస్తోందంటే, బాగుచేసేదానికి ఆత్మకూరు నుంచి పోయినాను. మొదట్లో ఆ పెట్టెకి రెండు వైర్లు ఉండేవి. ఒకటి చెరువులోంచి, ఇంకోటి కట్ట కింది బాయిలోంచి. ఆ బాయిని పూడ్చేసినప్పుడే దాని వైరు కూడా పీకేసినారు. అయినా స్క్రీన్ మీద బాయిలో నీళ్ళు ఉండాయి. చెరువు పెరిగితే అవీ పెరుగుతుండాయి.

పెట్టెలో ఆ వైర్లు బిగించే భాగం, మాడ్యూల్ మార్చినాను. కొత్తదీ అదే చెప్పింది. చిరాకేసి, బాయి వైరు ఉండాల్సిన ఖాళీ స్క్రూలను వేలితో తడిమి చూసుకున్నాను. కారణం నాకు తెలుసు. ఒక్కో వైరుకి పెట్టెలో ఒక్కో దారి, ఛానల్ అంటాం; ఏ వైరూ లేని ఛానల్ ఊరికే ఉండదు, పక్కదాని అంకెనే తనదని చెప్తుంది. తెలిసినా ఇంకోసారి స్క్రీన్ చూసినాను.

"మా బాయిలో ఎంత ఉండాయి నాయనా?"

వెనక్కి తిరిగితే మేకలు తోలుకుంటా వచ్చిన ఒక అవ్వ. ఆ బాయి తవ్వింది వాళ్ళాయనంట. రోజూ వచ్చి ఆ అంకె చూసి పోతుందంట.

"అవి నీళ్ళు కాదవ్వా, ఉత్త అంకె," అని విసుక్కుని, ఆ ఖాళీ స్క్రూల మధ్య చిన్న వైరు ముక్క బిగించినాను. స్క్రీన్ మీద బాయి అంకె సున్నా అయింది.

అవ్వ దగ్గరికొచ్చి ఆ సున్నాను చూసింది.

"అప్పుడు వాళ్ళు మట్టి పోసి పూడ్చినారు. ఇప్పుడు నువ్వు పూడ్చినావు," అనేసి మేకల వెంబడి పోయింది.