కింద పెట్టిన పూతరేకు

ఎనభైల మొదట్లో ఉపాధ్యాయ శిక్షణకని ఇంగ్లండు వెళ్ళాను. సముద్రపు ఒడ్డు ఊరు. నడిబజారులో, మెత్తటి తివాచీలు పరిచిన షోకైన హోటల్లో బస. అక్కడ టీ బల్ల దగ్గర తెలుగు మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆయన కొత్తపేట డాక్టరుగారు. ఆ దేశంలోనే స్థిరపడి, సెలవులకు అక్కడికి వచ్చారట.

మాది రాజోలనగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. టీలో చెంచా మీద చెంచా పంచదార వేసుకుంటూ గోదావరి కబుర్లు చెప్పారు. నేను గదిలోకి పరుగెత్తి, మా ఆవిడ కట్టిచ్చిన పూతరేకులు తెచ్చాను.

"ఆత్రేయపురానివేనాండీ!" అంటూ ఒకటి తీసుకున్నారు. నోటిదాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. "రాజోల్లో ఎటేపండీ మీరు?"

"చర్చి వెనకాల పేటండి."

"ఆయ్," అని మా గోదావరి తీరున అవునంటూనే పూతరేకును మెల్లగా కాగితం మీద పెట్టేశారు. "షుగరండి నాకు. ఏమనుకోకండేం. ఉంటానండీ."

ఒక్క 'అండీ' కూడా తగ్గలేదు. అందుకే ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి. సముద్రం దాటితే కులం చెడుతుందనేవారు వెనకటికి. ఈయన చెక్కుచెదరకుండా తెచ్చుకున్నాడు.

లిఫ్టు దాకా వెంటపడ్డాను.

"డాక్టరుగారూ, టీ తాగేటప్పుడు లేని షుగరు, మా పేట పేరెత్తగానే వచ్చిందాండీ?"

లిఫ్టు తలుపు మూసుకుంటోంది. పుట్టి పెరిగిన గోదావరి సీమ మర్యాద ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆయ్."