పచ్చగడ్డిని నమ్మని మావయ్య

మా మేనమామ పోయాడని జగ్గయ్యపేట నుంచి వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు కండక్టరు చెప్పాడు. పొద్దున్నే పార భుజాన వేసుకుని తోటకు పోదామని నందిగామ రోడ్డు దాటుతున్నా. బస్సు ఆపించి, "అమ్మా, మీ మావయ్యగారు తెల్లారేసరికి కాలం చేశారు. మీ అమ్మగారు కబురు చెప్పమన్నారండి" అన్నాడు. "ఏ మావయ్య? నీకెవరు చెప్పారసలు?" అని అతని మీద కేకలేశా. నాకున్నది ఒక్కడే మేనమామ. పాపం, ఆ కండక్టరు చేసిన తప్పేముంది! ఆ పారతోనే పేటకు పోయే బస్సెక్కా.

ఆయన మీకెవరికీ తెలియడు. సికింద్రాబాదులో దొరలు గోల్ఫు ఆడుకునే మైదానంలో ఏళ్ల తరబడి నీళ్ల గొట్టాలు చూసుకున్న మనిషి. రజాకార్ల గొడవలప్పుడు సంచీలో గొట్టాలు బిగించే పానాలు నాలుగు, రెండు పంచెలు వేసుకుని గరికపాడు దగ్గర సరిహద్దు దాటి పేటలో మా అమ్మ దగ్గరికొచ్చి ఉండిపోయాడు. "ఏరా, ఇన్నాళ్లూ దొరల గడ్డికి నీళ్లు పోశావా?" అని అమ్మ ఎగతాళి చేస్తే, "నీళ్లు పోసేవాళ్లు వేరే ఉన్నారక్కా. అవి దారిలో కారిపోకుండా చూడటమే నా పని" అన్నాడు.

ఎవరింటికెళ్లినా ముందు నీళ్లకుండ కింద చెయ్యి పెట్టి తడి చూసేవాడు. మా అత్తగారింటికి మొదటిసారి వచ్చినప్పుడూ అదే పని. కాళ్లయినా కడుక్కోకుండా కుండ దగ్గర చతికిలబడితే సిగ్గుతో చచ్చిపోయా. కుండ కారుతూనే ఉందనుకోండి, అది వేరే సంగతి.

మైదానం కబుర్లు భలే చెప్పేవాడు. ఒకచోట గడ్డి మిగతా మైదానం కంటే నిగనిగలాడుతుంటే దొర మురిసిపోయి అందర్నీ తీసుకొచ్చి చూపించేవాడట. మావయ్యకు మాత్రం ఆ పచ్చదనం చూస్తే కంటి మీద కునుకు ఉండేది కాదట. చివరికి చెప్పకుండా అక్కడే తవ్వేశాడు. దొర నానా తిట్లూ తిట్టాడు. తవ్వి చూస్తే కింద గొట్టం అతుకు విడిపోయి ఉంది. "ఎక్కడ మరీ పచ్చగా ఉందో అక్కడ అనుమానపడవే అమ్మాయ్" అనేవాడు.

మా బత్తాయి తోట ఆయన చేతి మీదుగానే నిలబడింది. బావి ఒక పక్క, తోట దిగువన ఇంకో పక్క. మధ్యలో రాళ్లూ గరప నేలా. మోట తోలి కాలవలో నీళ్లు వదిలితే సగం ఆ గరపే తాగేసేది. ఒకసారి పెట్టిన మొక్కలు నిలువునా ఎండాయి. "మళ్లీ పెడుతున్నాం. ఇవీ పోతే తోట మాట ఎత్తకు, జొన్న చల్లుకుందాం" అని మా ఆయన తేల్చి చెప్పేశాడు. ఆ పంతానికే మావయ్యను పిలిపించా. ఇనప గొట్టాలు దొరికే రోజులు కావు. కుమ్మరి చేత మట్టి గొట్టాలు చేయించి, అతుకుల్లో జనపనార చుట్టి, బెల్లంనీళ్లు కలిపిన గానుగ సున్నం పెట్టాడు. "సున్నం గట్టిపడ్డాక మూడు రోజులు నీళ్లు వదిలి చూడాలి. అందాకా మట్టి కప్పొద్దు" అని చెప్పి, పేటకు వెళ్లాడు.

నేను కప్పేశా. మర్నాడు మా ఆడపడుచు వస్తోంది. కొత్త గొట్టాలు అంత బారున కనబడితే దిష్టి తగలదూ? మావయ్య తిరిగొచ్చి చూసి, "పూడ్చావా? సరే, ఇక గడ్డే చెబుతుందిలే" అని ఊరుకున్నాడు.

ఎండలు ముదిరేసరికి గొట్టాల వరస మధ్యలో గరిక విరగబడి పెరిగింది. నేను రోజూ కోసి గేదెకు వేస్తూ, పాలు చిక్కబడ్డాయని అందరికీ చెప్పుకున్నా. తోటలో చివరి రెండు సాళ్లేమో తలలు వాల్చేస్తున్నాయి. మావయ్య వస్తే ముందు గడ్డే చూపించా. చెప్పులు విప్పి, దాని మీద కాసేపు నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇది గరిక కాదే. నీ చివరి సాళ్ల బత్తాయి ఇక్కడ మొలిచింది."

మా ఆయన ఆ ఒక్కచోట తవ్వి అతికితే చాలన్నాడు. మావయ్య వినలేదు. "ఇది కారిందంటే మిగతావాటి సంగతి నాకు తెలియదనే లెక్క. అన్నీ తీద్దాం" అన్నాడు. మండుటెండలో వరసంతా తవ్వాం. ఒక పక్క చివరి సాళ్లకు బిందెలతో నీళ్లు మోస్తూ, ఇంకో పక్క అతుకులు. ఆయన్ని తిట్టని తిట్టు లేదు. "తిట్టు, తిట్టు. చెయ్యి మాత్రం ఆపకు" అనేవాడు.

తను పెట్టే ప్రతి అతుకూ చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చేవాడు. నాకది మోటుగా కనబడి నా వంతు అతుకుల్ని అరచేత్తో నున్నగా రాస్తుంటే, "పైకి బాగుంటుంది, లోపల డొల్ల" అని కసురుకున్నాడు. ఆయన చూస్తున్నంతసేపూ వేలితో నొక్కి, అటు తిరగ్గానే అరచేత్తో రాసేశా. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. మీకే చెబుతున్నా.

ఈసారి మూడు రోజులూ తెరిచే ఉంచాం. మా ఆడపడుచు మళ్లీ వచ్చింది. నేను గోనెపట్టాలు కప్పబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "చూడనీవే. చూస్తే పగిలే అతుకైతే ఇప్పుడే పగలనీ." ఏదీ పగల్లేదు. ఓ నాలుగు మొక్కలు పోయాయి గానీ తోట నిలబడింది. మా ఆయన జొన్న మాట మళ్లీ ఎత్తలేదు.

పెద్దకర్మ అయ్యాక పేట నుంచి తిరిగొచ్చి నేరుగా తోటకే వెళ్లా. వరస మీద చెప్పులు విప్పి నడుస్తుంటే, దిగువన చేటంత మేర లేత గరిక కనబడింది. "అలిసిపోయి వచ్చావు, రేపు చూద్దాంలే" అన్నాడు మా ఆయన. వినలేదు, గునపం తీసుకున్నా. కింద ఒక అతుకు చెమ్మగిల్లి ఉంది. అద్దంలా నున్నగా ఉంది. అది నాదే. దాని పక్క అతుకు ఎముకలా పొడిగా ఉంది. సున్నం మీద మావయ్య బొటనవేలి గుర్తులు వరసగా ఉన్నాయి. అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చా. చెప్పుకోవడానికి ఆయన ఉంటే తిట్టేవాడు, ఆ తిట్టయినా తినేదాన్ని.

నాది ఊడబీకి మళ్లీ కట్టా. ఈసారి చుట్టూ బొటనవేలితోనే నొక్కా. సున్నం గట్టిపడ్డాక నీళ్లు వదిలి ఇవాళ్టికి మూడు రోజులు. వచ్చేపోయేవాళ్లు పూడ్చలేదేమని అడుగుతున్నారు. చూడనీ. ఆయన వేలిగుర్తుల పక్కన నావి. రెండు అతుకులూ పొడిగానే ఉన్నాయి.