గంప పెట్టిపోయిన మేస్త్రీ

మొఘల్‌పురాలో మా ఇంటి వాకిలికి షాబాదు బండలు పరుస్తానని ఒప్పుకున్న మేస్త్రీని తలుచుకుంటే, ముందు ఆయన గంప కళ్ళలో మెదులుతుంది. వచ్చిన రోజే వాకిలంతా తవ్వించాడు. సాయంత్రం తాపీ, దారం, రసమట్టం గంపలో సర్ది గోడవారన పెట్టాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, సామాన్ ఈడనే ఉన్నది గద" అని మా అమ్మతో చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత ఎప్పుడో వచ్చి నాలుగు బండలు పరిచేవాడు, అదే మాట చెప్పి పోయేవాడు. అంత నిబ్బరంగా మాట తప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వానలు మొదలై వాకిలి బురదగుంట అయింది. నాన్న ఇంకో మేస్త్రీని పిలుచుకొస్తే, అతను గంపను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఒకని సామాన్ ఉన్న కాడ ఇంకొకడు చెయ్యి పెట్టడు బాపూ. అది తీపిచ్చినంక వస్త."

అమ్మ ఊరుకునే మనిషి కాదు. గంపను ఒళ్ళో పెట్టుకుని, నన్ను రిక్షా ఎక్కించుకుని, ఉప్పుగూడలో ఆ మేస్త్రీ ఇంటికి బయలుదేరింది. ఆయనకు పెట్టబోయే చీవాట్లన్నీ దారిపొడుగునా నాకే వినిపించింది.

తీరా వెళ్తే ఆ ఇంటి వాకిలి కూడా తవ్వేసి ఉంది. గోడవారన ఒక గంప, అందులో తుప్పు పట్టిన తాపీ. మేస్త్రీ భార్య బురదలో వేసిన ఇటుకల మీద అడుగులేస్తూ ఎదురొచ్చింది. అమ్మ చేతిలోని గంపను చూసి అడ్డంగా నిలబడింది.

"దాన్ని ఈడ దించకుండ్రి అమ్మా. మాకు గూడ ఒకటి పెట్టి పోయిండు."