భద్రాచలం దాటితే మాకు చుట్టాలు లేరు

మారేడుమిల్లి కొండల మీదికి పోదామన్న మాట మొదట మనవరాలు ఎత్తింది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లో ఉంది ఆ పిల్ల. ఒకనాడు నేను పప్పు చెరుగుతుంటే ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. అడవిలో రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతోంది, దాని మీద మబ్బు పడుకొని ఉంది. ఒక కారు ఆ మబ్బులోకి దూరి మాయమైంది. నేను చూసి, డీజిలు దండుగ అని ఫోను వెనక్కిచ్చాను.

పైకి అట్లా అన్నాను గానీ ఆ రోజంతా నా మనసు ఆ రోడ్డు మీదే ఉంది. మా జనగామ చుట్టూ ఉన్నవి బోడి గుట్టలు. ఎక్కితే ఎండ తప్ప ఏమీ ఉండదు. మబ్బు కాళ్ల దగ్గరికి వచ్చే చోటు ఒకటుందని, అక్కడికి కారులో కూర్చునే పోవచ్చని నాకు అరవై తొమ్మిదో ఏట తెలిసింది. పోవాలనిపించింది. ఏదైనా కావాలనిపిస్తే ముందు వద్దనడం నాకు అలవాటు. అట్లా అనే ఈ ఇల్లు నిలబెట్టాను.

కానీ నాకొక ఇబ్బంది ఉంది. రెండేళ్లుగా మూత్రం ఆగదు. వచ్చిందంటే బాత్రూము దాకా పోయే వ్యవధి కూడా ఉండదు. దగ్గినా అంతే, బియ్యం డబ్బా ఎత్తినా అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొడుకుతో అనే మాట కాదు. దవాఖానలో ఉన్నది పిల్లవాడిలాంటి డాక్టరు. బీపీకి గోలి రాయించుకొని, ఇంకేమన్నా ఉందా అని అతను అడిగితే ఏమీ లేదని వచ్చేశాను. ఇక కోడలికి చెప్పడానికి నాకు నోరెట్లా వస్తుంది?

ఆమె ఈ మనవరాలినే కడుపులో మోస్తున్నప్పుడు మేమందరం జీపులో మేడారం పోయాము. ఆమెకు ఏడో నెల. దారిలో రెండుసార్లు జీపు ఆపించింది. మూడోసారి అడిగితే, ఇన్నిసార్లు ఏంది, జర ఓపిక పట్టాలె అని చుట్టాలందరి ముందు అన్నాను. డ్రైవరు ఆపలేదు. ములుగు వచ్చేదాకా ఆమె కిటికీ వైపు ముఖం పెట్టుకొని కూర్చుంది. తర్వాత ఆ మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు. మరిచిపోయిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం మరిచిపోలేదు.

దీపావళి దాటాక మా కిరాణా దుకాణానికి గిరాకీ తగ్గుతుంది. మూడు రోజులు మూసేసి పోవచ్చని కొడుకు ఒప్పుకున్నాడు. వాడి దోస్తు కారు నడుపుతాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం చాప మీద కూర్చుంటే మనవరాలు నోటు పుస్తకం తీసింది. భద్రాచలంలో దర్శనం, ఆ తర్వాత ఒక జలపాతం, కొండ అంచున నిలబడి లోయ చూసే చోటు, బొంగులో కోడి వండి అమ్మే చోటు. మా ఇంట్లో నీసు ముట్టము. ఆ కోడి దగ్గర ఏం పని అని అడిగితే, చూసేందుకే, తినేందుకు కాదని నవ్వింది.

అప్పుడు నేను నా జాబితా చెప్పాను. పాలకుర్తిలో మా ఆడబిడ్డ ఉంది, ఆగాలి. నర్సింహులపేటలో నా చెల్లెలుంది, దాని గడప తొక్కకుండా పోతే బాగుండదు. మానుకోటలో కోడలి మేనమామ. ఇల్లందులో మా పాత ఇరుగువాళ్లు, కొత్తగూడెంలో వియ్యంకుడి అన్న. భద్రాచలంలో ఎట్లాగూ సత్రం ఉంది. పుస్తకం లేకుండానే గడగడా చెప్పాను. ఎందుకంటే మూడు రోజులుగా నేను చేస్తున్న లెక్క అదే. ఎవరింట్లో బాత్రూము వాకిట్లోనే ఉంది, ఎవరింట్లో పెరట్లోకి నడవాలి, ఎవరింట్లో గుమ్మం ఎత్తు తక్కువ అన్నవి నాకు నోటికి వచ్చు.

మనవరాలు పెన్ను పక్కన పెట్టింది. "ఏంది నానమ్మా గిది? మనం కొండలు చూడ పోతున్నమా, పెండ్లి పత్రికలు పంచ పోతున్నమా?"

అందరూ నవ్వారు. అమ్మకు హోటలు టిఫిను బాధ, చుట్టాల ఇండ్లల్లో అయితే ఉత్తగనే అయిపోతదని కొడుకు అన్నాడు. నేను కాదనలేదు. పిసినారిదన్న పేరు ఇంతకాలానికి ఇట్లా అక్కరకొచ్చింది. దాని చాటున నా అసలు సంగతి దాక్కుంది.

అయితే భద్రాచలం దాటితే మాకు చుట్టాలు లేరు. చింతూరులో మనవాళ్లెవరన్నా ఉన్నారా అని కోడలిని అడిగాను. లేరంది. అక్కడి నుంచి మారేడుమిల్లి దాకా ఘాట్ రోడ్డేనని, రెండు గంటలు పట్టొచ్చని, మధ్యలో ఇండ్లుండవని, అడవి కాబట్టి ఎక్కడంటే అక్కడ ఆపరని మనవరాలు చెప్పింది. ఆ పిల్లకు అదే సంబరం. రెండు గంటలు ఒక్క ఇల్లు కూడా లేని రోడ్డు.

దానికన్నా మొగుళ్లపల్లి పోదాము, నా బిడ్డ ఇంట్లో మూడు రోజులుండి అటు భూపాలపల్లి అడవి చూసి వద్దామన్నాను. బిడ్డ కొత్తగా కట్టించిన బాత్రూము గదికి ఆనుకొనే ఉంటుంది.

"నానమ్మా, మొగుళ్లపల్లి అటు, మారేడుమిల్లి ఇటు," అని మనవరాలు రెండు చేతులూ రెండు దిక్కులకు చాపి చూపించింది.

నేను చదివింది మూడో తరగతి. కానీ దేన్నైనా కొనేముందు గింజ నోట్లో వేసుకొని చూసే అలవాటు దుకాణంలో వచ్చింది. ఇదీ అట్లాగే చూద్దామనుకున్నాను. చెల్లెలిని చూసొస్తానని చెప్పి నర్సింహులపేటకు బయలుదేరాను. ముందురోజు సాయంత్రం నుంచి నీళ్లు తాగలేదు. పొద్దున చాయ తాగలేదు. బీపీ గోలి వేసుకుంటే ఊరికే వస్తుందని అదీ వేసుకోలేదు. బస్సు మారే తొర్రూరు దాకా ఆపుకోగలిగితే ఘాట్ రోడ్డు కూడా గట్టెక్కవచ్చు. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉత్తగనే ఇచ్చే సున్న టికెట్టు తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నాను.

పాలకుర్తి దాకా ఏమీ కాలేదు. పత్తి చేన్లు తెల్లగా పగిలి ఉన్నాయి, ఏరే ఆడవాళ్లు వంగి ఉన్నారు. లోలోపల నాకే గర్వంగా అనిపించింది. అన్నీ ఊహించుకొని భయపడ్డాను, ఇంతేనా అనుకున్నాను. పాలకుర్తి దాటాక ఊరికి రెండు చొప్పున స్పీడు బ్రేకర్లు మొదలయ్యాయి. బస్సు ఎగిరినప్పుడల్లా నేను పళ్లు బిగించాను. నాలుగో ఊరు వచ్చేసరికి ఇక కాదని తెలిసి కడ్డీ పట్టుకొని లేచి నిలబడ్డాను.

కండక్టరు ఆడమనిషి, నా కోడలి వయసుంటుంది. "కూసో అవ్వా, తొర్రూరు ఇంక దూరమున్నది," అంది.

బస్సు నిండా కాలేజీ పిల్లలు, వెనక సీట్లో మగవాళ్లు. బస్సు ఆపు బిడ్డా అన్న మూడు మాటలు నా నోట్లో ఉన్నాయి. దుకాణంలో ఉద్దెర అడిగినవాళ్లను నిలబెట్టి కడిగేసిన నోరు అది. ఆ మూడు మాటలు బయటికి రాలేదు. కూర్చున్నాను. కూర్చోగానే అయిపోయింది. ముందు వెచ్చగా, తర్వాత చల్లగా తెలిసింది. సంచి ఒడిలో పెట్టుకొని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. చేన్లు ఉన్నాయి గానీ నాకేమీ కనిపించలేదు.

తొర్రూరులో అందరూ దిగేదాకా ఆగాను. తర్వాత సంచిలోని తువ్వాలతో సీటు తుడిచాను. తుడుస్తూ తలెత్తితే కండక్టరు చూస్తోంది. మెట్ల దగ్గరికి పోయి, ఎక్కబోయేవాళ్లకు అడ్డంగా నాకు వీపు పెట్టి నిలబడింది. నేను దిగిపోయేదాకా అట్లాగే నిలబడింది. ఆమెకు ఒక మాట చెప్పి ఉండవలసింది. తల వంచుకొని దిగిపోయాను.

రెండో బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే పోయాను. చెల్లెలు వాకిట్లోనే నన్ను చూసి ఏమీ అడగకుండా నీళ్లు కాచింది, తన చీర ఇచ్చింది. స్నానం చేసి కూర్చున్నాక చెంబుతో నీళ్లు ఇచ్చి తాగేదాకా ఎదురుగా నిలబడింది. అప్పుడు చెప్పాను, అంతా చెప్పాను.

"గిట్లయితే ఎట్లనే అక్కా? కోడలికి చెప్పు."

"సచ్చినా చెప్ప."

"నాకు గీ బాధ లేదనుకున్నవా?" అని అది లోపలికి పోయి ఒక ప్యాకెట్టు తెచ్చింది. పెద్దవాళ్ల డైపర్లట. దాని కోడలే తెచ్చిపెట్టిందట. పెండ్లిళ్లకు పోయినప్పుడు తొడుక్కుంటుందట. నేను ఒకటి చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్కసారి తొడిగి పారేసుడేనా అని అడిగాను.

"మరి ఉతికి దండెం మీద ఆరేస్తవా? నీ పిసినారితనం తగలెయ్య," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. ఇస్తానంటే తీసుకోనూ లేదు. మా ఇంట్లో దాన్ని ఎక్కడ దాచాలి, వాడినదాన్ని ఎక్కడ పారేయాలి? చెత్త బండిలో వేసేది కోడలే.

ఇంటికొచ్చి, మోకాళ్లు నొస్తున్నాయి, నేను రాను, మీరు పోండి అని చెప్పాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఈ ఇంట్లో నా మాట మీద మాట ఉండదు. కానీ మనవరాలు పుస్తకం మూసేసింది. నువ్వు రాకుంటే ఎవ్వరం పోము అంది. కొడుకు దోస్తుకు ఫోను చేసి కారు వద్దని చెప్పబోయాడు. నేను గట్టిగా అరిచాను. పొమ్మని తిట్టాను. నా తిట్లకు ఎప్పుడూ భయపడేవాళ్లు ఆ రోజు ఒక్కరూ భయపడలేదు. పైగా మనవరాలు వచ్చి మోకాలికి మందు రాయడానికి కూర్చుంది. నొప్పి లేని మోకాలిని ఆ పిల్ల చేతిలో పెట్టి రాయించుకున్నాను. అంత చేతకానిదాన్ని అయిపోయానని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున కొడుకు దుకాణానికి పోయాడు, మనవరాలు మేడ మీద ఉంది. వంటింట్లో కోడలు చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను ఎదురుగా కూర్చొని ఈనెలు తీస్తున్నాను. ఆమె తల ఎత్తకుండానే మాట్లాడింది.

"అత్తమ్మా, రెండేండ్ల సంది మీ లంగలు మీరే ఎందుకు ఉతుక్కుంటున్నరో నాకు తెల్వదా?"

నేను ఈనె తీయని కాయనే గిన్నెలో వేశాను.

"నాకు షుగరొచ్చింది, గంటకోసారి ఆపాలెనని నేను చెప్త. మీ పేరు రాదు. అడవిల చీర అడ్డం పట్టుకుంట. మీరు రాండ్రి."

మేడారం మాట తీస్తుందేమోనని చూశాను. తీసి ఉంటే నాకు తేలికయ్యేది. పోట్లాడి ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని. ఆమె ఆ మాట తీయలేదు. చిక్కుడుకాయలు తుంచి గిన్నెలో వేసి లేచి పోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక మనవరాలు మళ్లీ పుస్తకం తీసింది. కొడుకు అక్కడే ఉన్నాడు. కోడలు వెల్లుల్లి ఒలుస్తూ, చెప్పినట్టే మొదలుపెట్టింది. "నాకు జర షుగరున్నట్టున్నదే. దారిల గంటకోసారి ఆపాలె."

ఏమైంది, ఎప్పుడు చూపించుకున్నావని కొడుకు కంగారుపడ్డాడు. రేపే పోదాము, రక్తం పరీక్ష చేయిద్దామన్నాడు. కోడలు ఏదో సర్దిచెప్పబోతోంది. లేని రోగాన్ని నెత్తికెత్తుకొని, అబద్ధం అలవాటు లేని మనిషి తడబడుతోంది. ఇంకొక్క నిమిషం నేను ఊరుకుంటే ఆ తడబాటు నిజమైపోతుంది. రేపు ఆమె పోయి సూది కూడా పొడిపించుకుంటుంది.

"ఆమెకు కాదు," అన్నాను. "నాకు. నాకు ఒంటికి ఆగుతలేదు."

కొడుకు ఆర్పేసి ఉన్న టీవీ వైపు చూశాడు. తర్వాత చెప్పులేసుకొని, దుకాణం తాళం చూసొస్తానని బయటికి పోయాడు. నాకు కూడా లేచిపోవాలనిపించింది. కానీ లేచేటప్పుడే ప్రమాదం కాబట్టి అట్లాగే కూర్చున్నాను.

మనవరాలి ముఖంలో జాలి కనిపిస్తే తిట్టాలని చూశాను. ఆ పిల్ల పెన్ను మూత తీసింది. "ఎంతసేపు ఆగుతది నానమ్మా?"

"గంటన్నర."

కోడలు వెల్లుల్లి ఒలవడం ఆపింది. నా వైపు చూడలేదు.

"ముప్పావు గంట," అన్నాను. కాసేపటికి అదీ సరికాదనిపించింది. "దగ్గొస్తే అది గూడ లేదు."

మనవరాలు అంతకుముందు రాసిన పేజీ మొత్తం కొట్టేసి కొత్త పేజీ తిప్పింది. పైన జనగామ అని రాసి, కింద మారేడుమిల్లి అని రాసి, మధ్యలో నిలువుగా గీత గీసింది. భద్రాచలం దాకా నా చుట్టాలందరినీ ఒకరి కింద ఒకరిని ఎక్కించింది. చింతూరు దగ్గర పెన్ను ఆగింది. కింద ఉన్నదంతా ఖాళీ గీతే.

"గీ ఘాట్ మీద ఎన్నిసార్లు ఆపుదాం? మూడా, నాలుగా?"

రోడ్డు పక్కన అడవి, కారులో కొడుకు దోస్తు, చీర పట్టుకొని కోడలు, అంతా నా కళ్ల ముందు కనిపించింది.

"ఐదు రాయి," అన్నాను.