మండని మందులు

మా ఆయనకు ఒక్కటే లెక్క. మంట లేస్తెనే మందు, మండకపోతే ఉత్త నీళ్లు. బొగ్గు బాయిల పనిచేసి రిటైరైన మనిషి. బాయిల ఎవలికన్న దెబ్బ తాకితే పైకి తీస్కొచ్చి ఎర్ర టించర్ పోసేటోళ్లట. అరవకుంట నిలవడ్డోడే మొగోడట. ఆ పందెం ఈయన ఇంటికి సుత తీస్కొచ్చిండు. పిల్లల మోకాళ్లు చెక్కుకపోతే ఊదుకుంట మందు పెట్టుడు ఉండదు, కుమ్మరిచ్చుడే. వాళ్లు ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడుస్తుంటే "సూడు, పనిచేస్తుంది" అని మురిసేటోడు.

పోయినేడు ఎండకాలం నస్పూర్ అంగడికి పోయొచ్చి చెప్పు ఇడిస్తే లోపల కంకర రాయి ఉన్నది. అంతదూరం దాని మీదనే నడిచొచ్చిండు. బొటనవేలు కింద తోలు లేచి పుండైంది. "రాయి గుచ్చుతుంటె తెల్వలేదా, మనిషివా బండవా" అని నేను లొల్లి పెట్టిన. "ఏమో, తెల్వలే" అన్నడు. ఈయనకు షుగర్. షుగర్ ఉన్నోళ్లకు పుండు జల్ది మానదని మా కాలనీల అందరికి ఎరుకే. మా వెనక లైన్ల ఒకాయనకు గిట్లనే మొదలై వేలు తీసేసిండ్రు. నాకు భయం పట్టుకున్నది. ఈయనకు మాత్రం ఫికర్ లేదు. మందు పోస్తె అదే పోతదన్నడు.

ముందుగాల తెచ్చింది గోధుమ రంగు సీసా, బాలింతల ఇండ్లల్ల వాసనొచ్చేది. మూత మందుకు ఎన్ని నీళ్లు కలపాల్నో దాని మీదనే రాసుంటది. కలపలే. పుండు మీద చెక్కు కట్టి దుమ్ము అంటుకోని ఉన్నది, దాన్ని కడగలే. మీదికెళ్లే పోసిండు. "ఊడ్వకుంట ఫినాయిల్ పోస్తె బండలు సాఫైతయా" అని అడిగిన. నా మాట చెవుల ఏసుకుంటె కదా. వేలు దిక్కే చూసి చూసి "మండుతలేదే" అన్నడు.

కల్తీ మాల్ అమ్ముతున్నవని పోయి మెడికల్ షాపాయనతోని కొట్లాట పెట్టుకున్నడు. ఆయన పరేషానై స్పిరిటు ఇచ్చిండు, సూది ఇచ్చే ముందు దూదితోని రుద్దేది. అది సుత మండలే. తర్వాత నురుగు మందు తెచ్చిండు. పోయంగనే పుండు బుసబుస పొంగింది. "సూడే, పురుగులు ఉడుకుతున్నయ్" అని పక్కింటోళ్లను పిలిచి మరీ చూపిచ్చిండు. దానికి సుత మంట లేకపాయె, మల్ల మొకం మాడ్చుకున్నడు. పుండు మాత్రం శెనగ గింజంత ఉన్నది కాస్త రేగుపండంత అయింది.

ఇగ ఒకనాడు పొద్దున బాత్రూంల సప్పుడైతే పోయి చూసిన. మగ్గుల బ్లీచింగ్ పౌడర్ కలుపుతుండు. పక్కన లెట్రిన్ కడిగే యాసిడ్ సీసా మూత సుత తీసిపెట్టిండు. రెండు కలిపితే జోరు ఎక్కువుంటదట. మా చెల్లె ఇంట్ల గట్లనే కలిపి, దమ్మాడక అందరు బయటికి ఉరికిండ్రు. "మోరీల పురుగులను సంపేది నా వేలి పురుగులను సంపదా" అని పైగ నన్నే అడుగుతుండు. మగ్గు గుంజుకోని పారబోసిన. "ఆటో ఎక్కుతవా, బిడ్డకు ఫోన్ చెయ్యాల్నా" అన్న. మా ఇంట్ల ఆయన భయపడేది బిడ్డ ఒక్కదానికే. ఎక్కిండు.

మంచిర్యాలల డాక్టరమ్మ చిన్నదే, మా బిడ్డ ఈడుది. పట్టి ఇప్పితే పుండు సుట్టూ తోలు తెల్లగ ఉడికినట్టున్నది. ఏమేం పోసిండ్రని అడిగింది. ఈయన పెండ్లికొచ్చిన చుట్టాలను చెప్పినట్టు వరుసగ అన్ని చెప్పిండు. బ్లీచింగ్ నేను పోయనియ్యలేదని నా మీద కంప్లైంటు సుత చేసిండు.

ఆమె నా దిక్కు తిరిగింది. "అమ్మా, బండకు పానం ఉండదు, ఎంత గట్టి మందు పోసినా ఓర్సుకుంటది. తోలుకు పానం ఉంటది. క్రిమి ఏది, కొత్తగ పుట్టే కండ ఏది అని గట్టి మందుకు తెల్వదు, రెండింటిని సంపుతది. బండలకు వేరే మందు, కత్తెరలకు వేరే, చేతులకు వేరే. ఈ పుండును సెలైన్ నీళ్లతోని కడిగి, పట్టి కట్టు. ముందుగాల మురికి పోవాలె. మురికి మీద ఏది పోసినా లోపలికి దిగదు." ఇంకింత లోతుకు పోతే ఎముకకు తగుల్తదని, అప్పుడు వేలు తియ్యాల్సిందేనని సుత చెప్పింది.

ఈయన మాత్రం "మేడం, అసలు మాలే కల్తీది. ఒక్కటన్న మండలే" అన్నడు.

"కండ్లు మూసుకో పెద్దాయనా. నేను తాకినప్పుడల్లా చెప్పు" అని డాక్టరమ్మ సన్న ప్లాస్టిక్ దారం ఒకటి తీసింది. వేలి కొసకు ఆనిచ్చి, దారం వంగేదాక ఒత్తింది. అరికాలుకు ఒత్తింది, మడిమెకు ఒత్తింది. ఈయన కండ్లు గట్టిగ మూసుకోని, ఛాతి ఇరుసుకోని కూసున్నడు. ఆమె దారం పక్కన పెట్టినంక "ఇగ మొదలువెట్టు మేడం" అన్నడు.

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న. నవ్వొస్తుందనుకున్న గని ఏడుపొచ్చింది. మందులన్ని మంచియే. మా ఆయన కాలుకే సోయి పోయింది. రాయి గుచ్చినా, మందు కాల్చినా దానికి ఎరుక లేదు.

అప్పటిసంది దినాం నేనే కడిగిన, నేనే పట్టి కట్టిన. ఆ గోధుమ రంగు సీసా మందును కొలిచి నీళ్లు కలిపి బండలకు వాడిన. ఆయన మొకం మాడ్చుకున్నా ఇనలే. వానకాలం నడుమల పుండు మూసుకున్నది. వేలు దక్కిందని, గని పోయిన సోయి మల్ల రాదని, దినాం కాళ్లు చూసుకోవాలెనని డాక్టరమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం ఆయన కాలు ఒళ్లె పెట్టుకోని తుడుస్తున్న. పెండ్లైన కొత్తల ఈయనకు కితకితలు మస్తు. అరికాలుకు ఏలు ఆనిస్తే క్వార్టరంత ఉరికేటోడు. ఊకనే, కాలివేళ్ల సందుల కితకిత పెట్టిన. ఈయన మెడికల్ షాపాయనను తిట్టుకుంటనే ఉన్నడు. అరికాలుల పెట్టిన. తిట్టుకుంటనే ఉన్నడు. మడిమె దాటి, చీలమండ దాటి జరంత పైకి పోంగనే ఎగిరిపడి, "ఏం జేస్తున్నవే, పిచ్చి లేసిందా" అని నన్ను తిట్టిండు.

ఆ తిట్టు నాకు ఎంత సంబురమైందో. ఏలు తియ్యకుంట ఆన్నే పెట్టి గుర్తు చూసుకున్న. ఆన్నుంచి పైకి ఆయన చూసుకుంటడు. కిందిది నా జిమ్మేదారి.