ముసలి కెప్టెన్ల పక్షం

పోయిన నెల మా మావయ్య పోయారు. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాన్న ఇక లేరు" అన్నప్పుడు, నేను గోవింద్‌పూర్ ఇంట్లో మావయ్యకి పంపాల్సిన గంజి చల్లారుస్తున్నాను. టాటానగర్‌లో గూడ్సు బండ్లు నడిపి రిటైరైన మనిషి. తోటివాళ్ళంతా ఆయన డ్రైవరీ గురించే చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఓడదొంగలే గుర్తొస్తున్నారు.

మా అమ్మాయి పదో తరగతి. దానికి జపాను బొమ్మల కథల పిచ్చి. మాంగా అంటారట. ఓ ఓడదొంగల కథ అది పుట్టకముందు నుంచీ నడుస్తోంది, ఇంకా అయిపోలేదు. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. తాతామనవరాళ్ళ మధ్య "తిన్నావా" "హా ఖా లియా" తప్ప మాటలుండేవి కావు. ఓ రోజు అది ఆ పుస్తకం చూసి పకపకా నవ్వుతుంటే, "ఏటమ్మా అది? నాకూ సూపించు" అని మావయ్య లాక్కున్నారు.

కాసేపటికి ఒకటే కేక. "ఓలమ్మా! ఈ ముసలి కెప్టెన్ కత్తి దిగి పడిపోయినోడు లేచి నిలబడిపోనాడే! మీ కుర్రోళ్ళలో ఎవుడున్నాడు ఇలాటోడు?"

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. "తాతయ్యా, ఉల్టా పఢ్ రహే హో!" ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి చదవాలట. ఈయన మన అలవాటుగా ఎడమ నుంచి చదివేసరికి పడినవాడు లేచాడు. "ముందే సెప్పాల గదా" అని విసుక్కుని మొదటి నుంచీ మళ్ళీ చదివారు. అభిప్రాయం మాత్రం మారలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అప్పటినుంచి సాయంత్రం టీ వేళ మా వరండాలో ఇదే రభస. పాత తరం కెప్టెన్లు బలవంతులా, ఇప్పటి కుర్ర కెప్టెనా? మావయ్యతో పాటు బండిలో తిరిగిన గార్డు తాత వచ్చి కూర్చుని, ఇద్దరినీ ఎగదోసేవారు. మావయ్య షరతు ఒక్కటే. "తెలుగులో సెప్తేనే లెక్క. హిందీలో కొట్టిన దెబ్బ తగల్దు." పాపం, పిల్ల మాటలు వెతుక్కుని వెతుక్కుని కొట్లాడేది.

"ఆ ముసలివాళ్ళు గొప్పోళ్ళని అందరూ అనడమే తాతయ్యా. కొట్టింది ఎవరు చూశారు? మావాడు కొట్టింది బొమ్మలో ఉంది."

"గాట్ ఎత్తు మీద లోడు బండి ఆగిపోయిందనుకో, మళ్ళీ కదిపినోడే డ్రైవరు. దిగుట్లో పరిగెట్టించడం ఏటి గొప్ప? దారి తెలీని సముద్రంలో ముందెల్లినోళ్ళు ఆళ్ళు. మీవోడికి దారి ఏసి ఉంది."

"మీవాళ్ళకి ఎదురొచ్చినవాళ్ళు చిన్నవాళ్ళు. మావాడికి ఎదురుగా ఉన్నది మీవాళ్ళే కదా!"

ఆ మాటకి గార్డు తాత చప్పట్లు కొట్టారు. మావయ్య టీ గ్లాసు దించి, "మావోళ్ళు ముసలోళ్ళైపోయాక కొట్టాడు. ఆళ్ళు వయసులో ఉన్నప్పుడు రమ్మను, సెప్తాను" అన్నారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారని నేను గొణుక్కునేదాన్ని. పకోడీలు వేసి ఇచ్చేదీ నేనే. పిల్లకి ఒకటే పంతం, తాతయ్య నోట ఒక్కసారి "మీవోడే గెలిచాడు" అనిపించాలని. పుస్తకం కొత్త భాగం వచ్చినప్పుడల్లా బిష్టుపూర్ బజారుకి పరిగెత్తి, కొనుక్కొచ్చి, తాతయ్య ఒళ్ళో పడేసేది.

అంతలో ఆయనకి జబ్బు చేసింది. ఆసుపత్రిలో చూస్తే మంచంలో మనిషి సగమైపోయారు. పిల్ల పక్కన కూర్చుని దుప్పటి సర్దింది. ఆయన చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, మీరే కరెక్టు. ముసలి కెప్టెన్లే గొప్పవాళ్ళు" అంది.

మావయ్యకి ఎక్కడలేని కోపం వచ్చేసింది. "నాకు జబ్బు సేసిందని ఓడిపోతన్నావేటి? ఎవులడిగారు నిన్ను? మీవోడి తరపున మాటాడు ముందు." ఆయాసం వస్తున్నా ఊరుకోలేదు. నేను మధ్యలో దూరి, "పోనీ మీరైనా ఒప్పుకోండి మావయ్యా, పిల్ల సంతోషిస్తుంది" అన్నాను.

"ఉత్తినే ఇచ్చేత్తే గెలుపెలాగవుద్దమ్మా?" అన్నారు. పిల్ల కళ్ళు తుడుచుకుని మళ్ళీ వాదం మొదలుపెట్టింది. నర్సు వచ్చి కసిరేదాకా నడిచింది. మరో రెండు రోజులకి ఆయన పోయారు.

పిల్ల ఏడవలేదు. నాకదే భయంగా ఉండేది. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, ఫొటోకి దండ వేసింది, పలకరిస్తే తల ఊపింది. కర్మ రోజున భోజనాల చివర గార్డు తాత దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. దాని మనసు తేలిక చేద్దామని కాబోలు, "ఇక నీకు అడ్డేటమ్మా? మీ కుర్ర కెప్టెనే గెలిచీసినట్టు" అన్నారు.

పిల్ల ఆయన మొహంలోకి చూసింది.

"ఎలా గెలుస్తాడు? తాతయ్య ఒప్పుకోలేదు గదా" అంది. ఆయన ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియక గార్డు తాత, ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, రెండో చేత్తో దాని వీపు నిమురుతూ ఉండిపోయారు.