గొర్రెల దొడ్డిలో ఇంజన్ పని

2022 మార్చి. యాసంగి కోతలు ఇంకో నెలలో మొదలవుతాయనగా సూర్యాపేటలో నా షెడ్డు పోయింది. హైవే పక్కన ఏళ్ల తరబడి కిరాయికి ఉన్న జాగా అది. ఓనరు ఫంక్షన్ హాలు కట్టుకుంటానన్నాడు, వారం తిరక్కుండా రేకులు పీకించాడు. స్పానర్లు, జాకీలు, చైన్ పుల్లీ అన్నీ మా ఇంటి వరండాలో కుప్పపోసి కొత్త జాగా కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నాను. నేను డీజిల్ మెకానిక్‌ని. లారీ ఇంజన్లు విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ కట్టడం నా పని. ఆ పని షెడ్డులో తప్ప బయట ఎన్నడూ చేయలేదు. ఒక్క ఇసుక రేణువు బేరింగులో పడిందా, చేసిందంతా దండుగే.

అలాంటి సమయంలో సైదులు ఫోన్ చేశాడు. గరిడేపల్లి దగ్గర ఊరు అతనిది. ఒక పాత లారీ ఉంది, తనే నడుపుకుంటాడు. కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతాడు.

"అన్నా, బండి బందయింది. కింద టకటక కొట్టి ఆగింది. నువ్వు జల్ది రావాలె."

"నాకు షెడ్డు లేదు తమ్మీ. కోదాడలో ఎవలకన్న సూపియ్యి."

"నువ్వు తప్ప ఎవ్వలు ముట్టొద్దు. మా ఇంటెన్క గొర్ల దొడ్డి ఖాళీగున్నది. పైన రేకులున్నయి, కింద బండలున్నయి. గాడ్నే దింపు."

"గొర్ల దొడ్ల ఇంజనా? నీకేమన్న దిమాక్ ఉన్నదారా!" అని తిట్టి ఫోన్ పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను. షెడ్డు లేని మేస్త్రికి అంత బెట్టు ఎందుకు!

దొడ్డి ఎందుకు ఖాళీ అయిందో వెళ్లాక తెలిసింది. ఆ మంద సైదులు తల్లి కోటమ్మది. భర్త పోయాక ఆమె ఒంటిచేత్తో గొర్రెలు కాసి కొడుకును పెంచింది. లారీ కొనేటప్పుడు సగం మంద అమ్మారు. ఇప్పుడు ఇంజన్ సామాను కోసం మిగతా సగం అమ్మేశారు. ఒక్క ముసలి గొర్రె మిగిలింది, దాన్ని ఎవరూ కొనలేదట. అంటే ఆ ఇంటికి ఇక దిక్కు ఆ లారీయే. కోతల లోపు అది లేవకపోతే మిల్లు ట్రిప్పులు వేరేవాళ్లకు పోతాయి, ఏడాది తిండి పోతుంది.

నేను ఇంజన్ విప్పుతుంటే కోటమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉండేది.

"నా గొర్లు నడుస్తుండె, మేస్తుండె, ఈనుతుండె. గీ ఇనుము ఏం జేస్తది బిడ్డా?"

"వడ్లు మోస్తది పెద్దమ్మా."

"ఏం మోస్తదో! ఇప్పుడైతే పండుకున్నది గద."

విప్పాక నా కళ్లు తిరిగాయి. క్రాంక్ షాఫ్ట్ బేరింగులు మాడి నల్లబడ్డాయి. పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాన్ని లైనర్ అంటాం. ఆరు లైనర్లూ గోళ్లతో గీకినట్టు గీతలు పడి ఉన్నాయి. ఒక పిస్టన్ ఏకంగా రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. ఇలాంటి ఇంజన్ మిర్యాలగూడ దాకా వడ్లు ఎలా మోసిందో, నడిరోడ్డు మీద ఎందుకు పేలిపోలేదో నాకు అర్థం కాలేదు. "నీ నసీబు మంచిగున్నదిరా" అన్నాను. సైదులు ఆ ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూశాడు.

ఇంజన్ బ్లాకు, క్రాంకు ట్రాలీ ఆటోలో వేసుకుని కోదాడ లేతు దగ్గరికి తీసుకెళ్లాం. లేతాయన నా వంక ఎగాదిగా చూశాడు.

"ఎక్కడ కడుతున్నారండీ మేస్త్రిగారూ?"

"ఇంటి దగ్గర."

"ఇంటి దగ్గరా? లారీ ఇంజనండీ బాబూ అది, ప్రెషర్ కుక్కర్ కాదు!"

నాకు ఒళ్లు మండింది గానీ ఏమంటాను? డీజిల్ కొలిచి పంపే ఇంజెక్షన్ పంపును మిర్యాలగూడలో పంపు షాపుకు ఇచ్చి బాగు చేయించాను. ఇంటికి వచ్చి దొడ్డి కడిగించి, చుట్టూ తడి పరదాలు కట్టించి కూర్చున్నాను. ఒకరోజు ఆ ముసలి గొర్రె లోపలికి దూరి ఇంజన్ అడుగున నూనె నిలిచే సంపుకు వేసే కొత్త ప్యాకింగు సగం నమిలేసింది. నేను అరిచిన అరుపుకు పక్క వీధి జనం పరుగెత్తుకొచ్చారు. కోటమ్మ మాత్రం కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. నేను వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఇంజన్ కట్టడం పూర్తయింది, లారీలోకి ఎక్కించాం. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదటిసారి లేపే ముందు, శకునానికి కాస్త నూనె బండి తాలూకు ఇంటివాళ్ల చేత్తో పోయిస్తాం. షెడ్డులో అయితే ఓనరో డ్రైవరో పోసేవాడు, అయిపోయేది. ఇక్కడ ఇల్లు కదా! సైదులు భార్య రేణుక తలస్నానం చేసి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చింది. చుట్టుపక్కల వాళ్లు చేరారు. సైదులు నూనె డబ్బా రేణుక చేతికి ఇవ్వబోయాడు.

నాకెందుకో ఊరుకోబుద్ధి కాలేదు. "గొర్లు ఎవలవి? పెద్దమ్మవి. ఆమెనే పొయ్యనీ" అన్నాను.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సైదులు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ముత్తయిదువ చేత్తో మొదలువెడ్దామన్నా" అన్నాడు.

"నిన్ను సాదిన చెయ్యి గాదారా అది?" అని కసిరాను. రేణుక చప్పున డబ్బా అత్త చేతిలో పెట్టింది. కోటమ్మ రెండు చేతులతో అందుకుంది. కళ్లకద్దుకుంది. భర్త పోయాక ఆమెను ఏ మొదలుకూ ఎవరూ పిలవలేదని అది చూస్తేనే తెలిసిపోయింది.

సంపులోకి కొలత ప్రకారం నూనె నేనే ముందు పోసి ఉంచాను. శకునానికి ఆమె ముందు పెట్టింది ఎయిర్ క్లీనర్ గిన్నె. పాత లారీల్లో గాలి వడకట్టే డబ్బా అడుగున ఇలాంటి గిన్నె ఉంటుంది. అందులో గీత దాకా నూనె పోస్తే లోపలికి వెళ్లే గాలిలోని దుమ్ము దానికి అంటుకుంటుంది. "గిండ్ల పొయ్యి పెద్దమ్మా" అని చూపించి, డీజిల్ పైపుల్లో గాలి తీయడానికి నేను అటు తిరిగాను. ఆమె పోసింది. సైదులు తొందరలో లోపలికి చూడకుండానే గిన్నెను ఎయిర్ క్లీనర్‌కు బిగించాడు. కొబ్బరికాయ కొట్టారు.

సైదులు సెల్ఫు కొట్టాడు. రెండో కొట్టుకు ఇంజన్ అందుకుంది. అబ్బ, ఏం పలికిందనుకున్నారు! జనం చప్పట్లు కొట్టారు. కోటమ్మ బానెట్ మీద చెయ్యి వేసి, వణుకు తగులుతుంటే చిన్నపిల్లలా చూసింది. నేను మురిసిపోయి, "జర రేసు ఇయ్యి" అన్నాను.

సైదులు ఎక్సలేటర్ తొక్కి వదిలాడు. చప్పుడు తగ్గలేదు. పెరిగింది. ఇంకా పెరిగింది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ దట్టంగా తన్నుకొచ్చి పెరడంతా కమ్మేసింది.

"రేసు ఇడువురా!"

"ఇడిసిననే! కాలే పెట్టలే!"

డీజిల్ ఆపే స్టాప్ వైరు గుంజమన్నాను. గుంజాడు. ఆగలేదు. ఇంజన్ కేకలు పెడుతోంది, లారీ మొత్తం ఊగుతోంది, దొడ్డి రేకులు దడదడలాడుతున్నాయి. మిర్యాలగూడవాడు పంపు చెడగొట్టాడనుకుని, స్పానర్ తీసుకుని డీజిల్ పైపే ఊడదీశాను. డీజిల్ నేల మీదికి కారిపోతోంది. ఇంజన్ మాత్రం ఆగలేదు. ఆగకపోగా ఇంకా ఎగిరింది.

నా చేతిలోంచి స్పానర్ జారిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటిది నేను చూడలేదు. డీజిల్ లేదు, అయినా ఇంజన్ తిరుగుతోంది! ఏం తాగి తిరుగుతోంది? డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, మండేది ఏది అందినా కాల్చుకుంటూ పోతుంది. అట్లా చెయ్యి దాటిపోవడాన్ని రన్ అవే అంటారని విన్నాను గానీ, నా కళ్ల ముందు జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. ఇంకాస్త సేపు అట్లాగే తిరిగితే పిస్టన్లను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు బ్లాకును పగలగొట్టుకుని బయటికి వస్తాయి. ముందర నిలబడ్డ వాళ్లు ఏమవుతారు?

"దూరం జరుగుండ్రి! అందరు జరుగుండ్రి!" అని అరుస్తూ చుట్టూ చూశాను. గాలి ఆపాలి, అదొక్కటే మార్గం. గోడ మీద కోటమ్మ గొంగడి ఆరేసి ఉంది. దాన్ని లాగి, పక్కనున్న కుడితి తొట్టిలో ముంచి, ఎయిర్ క్లీనర్ మూతి చుట్టూ చుట్టి రెండు చేతులతో అదిమిపట్టాను. గొంగడిని లోపలికి పీల్చుకుంది. నా చేతుల్ని కూడా లాగేస్తుందేమో అనిపించింది. ఇంజన్ దగ్గింది, ఊగింది, ధడేల్‌మని ఆగిపోయింది.

చెవులు గుయ్యిమన్నాయి. టైరుకు ఆనుకుని కూలబడ్డాను.

అసలు దెబ్బ అప్పుడు తగిలింది. పొగ ఇంకా పోనేలేదు, పక్కింటాయన నోరు విప్పాడు. "ఆమె చేత పోయిస్తిరి. గిట్ల కాక ఎట్లయితది?"

పక్కింటాయన ఎవరో పరాయివాడు, వదిలేద్దాం. కానీ సైదులు క్యాబిన్ దిగి తల్లి వైపు తిరిగాడు. "నిన్నెవ్వలు పొయ్యమన్నరే అవ్వా? జర ఎన్కకు నిలబడితే కాకపోవునా? ఉన్న ఒక్క బండి గూడ పాయె!"

నిజం చెప్తున్నాను, ఇంజన్ అరుపుకు కూడా నేను అంత బిత్తరపోలేదు. మంద మొత్తం అమ్మి ఇచ్చిన తల్లిని, నలుగురిలో నిలబెట్టి, ఆ మాట! రేణుక "ఊకో" అంటూ అతని చెయ్యి లాగింది. కోటమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

నేను లేచి గిన్నె ఊడదీశాను. గిన్నెలో నూనె అడుగంటింది. పైన జాలీ నుంచి, ఇంజన్‌కు వెళ్లే గాలి పైపు నుంచి నూనె బొట్లు బొట్లుగా కారుతోంది. అంతా అర్థమైపోయింది. గిన్నె నిండా పోశారు. ఇంజన్ గాలితో పాటు ఆ నూనెను పీల్చి కాల్చుకుంది. మెల్లగా ఆమె పక్కకు వెళ్లి అడిగాను.

"ఎంత పోసినవ్ పెద్దమ్మా?"

"నిండ పోసిన బిడ్డా. మంచిపనికి ఎలితి పెడ్తరా?"

గీత ఉందని నేను చెప్పలేదు. ఆమెకు ఎట్లా తెలుస్తుంది? దీపంలో పోసినట్టు, కడవ నింపినట్టు, అంచు దాకా నింపి పెట్టింది. ఇప్పుడు "ఆమె పోసినందుకే అయింది" అన్నానా, పక్కింటాయన మాటకు నేను ముద్ర కొట్టినట్టే. అందుకే అందరి వైపూ తిరిగి, "పంపు ఖరాబయింది. మిర్యాలగూడల సక్కగ చెయ్యలే" అన్నాను.

కోటమ్మ గిన్నె వంక చూసింది. కారుతున్న పైపు వంక చూసింది. జీవితమంతా మంద కాసిన మనిషి, ఎక్కడ తేడా వచ్చిందో కనిపెట్టలేదా?

"అబద్ధమాడకు బిడ్డా. నేను పోసిందాంతోనే అయ్యిందా?"

తల దించుకున్నాను. "అవ్ పెద్దమ్మా. లోపల గీత ఉంటది, గాడి దాంక పొయ్యాలె. నేను చెప్పలే, నువ్వు ఎక్కువ పోసినవ్."

"రేణుక పోసినా గిట్లనే అయితుండెనా?"

"ఎవ్వలు నిండ పోసినా గిట్లనే అయితది."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మొహం మాత్రం విచ్చుకుంది. "అంటే తెల్వక ఎక్కువ పోసిన. గంతేనా?"

"గంతే."

"అయితే గా మాటనే గట్టిగ చెప్పు. అందరికి ఇనపడాలె. ముసల్దానికి తెలివి లేదు, ఎక్కువ పోసి బండిని ఆగం జేసిందని చెప్పు. ఆ మాట నేను పడ్త బిడ్డా. గీల్లు అనే మాట పడలేను."

నేను ఆమెను కాపాడుతున్నాననుకుని అబద్ధం ఆడాను. ఆమె అడిగింది నిజం. లారీ మెట్టు ఎక్కి నిలబడి, గిన్నె ఎత్తి చూపించి, ఎవరికీ అనుమానం మిగలకుండా చెప్పాను. పక్కింటాయన్ను దగ్గరికి పిలిచి గీత మీద వేలు పెట్టించాను. సైదులు వచ్చి గిన్నె చూశాడు, తల్లి వైపు చూడలేకపోయాడు.

మర్నాడు సంపు దించి బేరింగులన్నీ తనిఖీ చేశాను. దెబ్బ తగల్లేదు. గాలి పైపు, జాలీ కడిగి మళ్లీ బిగించడానికి సిద్ధమయ్యాక, సైదులు తనే డబ్బా తెచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. "అవ్వా, నువ్వే పొయ్యి" అన్నాడు. ఆమె వంగి, గీత దాకా పోసి ఆపి, "సూడుండ్రి, అందరు సూడుండ్రి!" అని గట్టిగా అంది. ఇంజన్ పలికింది. రేసు తగ్గించగానే బుద్ధిగా తగ్గింది. ఆ కోతలకు లారీ మిర్యాలగూడ రోడ్డు ఎక్కింది.

ఈ మధ్య సైదులు నా కొత్త షెడ్డుకు వచ్చాడు. ఊళ్లో వాళ్ల అమ్మకు 'ఫుల్ ట్యాంకు కోటమ్మ' అని పేరు పడిందట. పొలం కాడ మోటరుకు నూనె పోసేవాళ్లు కూడా "ఫుల్ ట్యాంకు చెయ్యకుండ్రి" అని ఆమెను ఆటపట్టిస్తారట. ఆమె కోప్పడదు సరికదా, ఎవరైనా కొత్తవాళ్లు వస్తే కూర్చోబెట్టి ఆ కథంతా తనే చెప్తుందట. బండికి కొత్త టైర్లు వేసినా, రేణుక చెల్లెలు కుట్టుమిషన్ కొన్నా, ముందు ఆమెనే పిలుస్తున్నారట.

ఇంజన్ల గురించి ఆ దొడ్డిలో నేను నేర్చుకున్నది చిన్నదే. గిన్నె ఎవరి చేతికి ఇచ్చినా ముందు గీత చూపించి ఇస్తాను. మనుషుల గురించి నేర్చుకున్నదే పెద్దది. అపశకునం కాదు, పొరపాటు మాత్రమే అని అనిపించుకోవడం కోసం కూడా ఒక మనిషి నా చెయ్యి పట్టుకుని అంతగా బతిమాలాల్సి వచ్చింది.